ఎనిమిది నెలల పాపకు వాంతులు: ఓఆర్ఎస్ పట్టినా కక్కేస్తోంది, ఎలా నిలబెట్టాలి?

చిన్నారి_తల్లి (ప్రశ్న)

పాపకు ఎనిమిది నెలలు. పోయిన వారం అంగన్‌వాడీలో తూచితే 7.8 కిలోలు ఉంది. తల్లిపాలే ప్రధానం, రోజుకు రెండుసార్లు రాగిజావ, మెత్తగా మెదిపిన పప్పన్నం పెడుతున్నాం. నిన్న రాత్రి పదకొండు నుంచి ఇవాళ పొద్దున ఆరు దాకా ఐదు వాంతులయ్యాయి. మొదటి రెండింట్లో విరిగిన పాలు, అన్నం మెతుకులు వచ్చాయి. తర్వాతవి పలచగా నీళ్ళలా ఉన్నాయి. తెల్లవారాక ఒక నీళ్ళ విరేచనం అయింది. చంకలో జ్వరం 99.6. చివరిసారి మూత్రం పోసింది నాలుగింటికి. ఆడుకోవడం లేదు గానీ పిలిస్తే కళ్ళు తిప్పి చూస్తోంది, ఒకసారి నవ్వింది కూడా.

ఓఆర్ఎస్ కలిపి పాలసీసాలో 60 మి.లీ. పోసి పట్టాం. దాహంతో గటగటా తాగేసి ఐదు నిమిషాల్లో మొత్తం కక్కేసింది. ఇప్పుడు మళ్ళీ పట్టాలా, కాసేపు కడుపు ఖాళీగా ఉంచాలా? మా అత్తగారు పాలు కూడా ఆపెయ్యమంటున్నారు. పెద్దబాబుకు వాంతులకని ఎప్పుడో రాసిన డోంపెరిడోన్ చుక్కల సీసా ఇంట్లో ఉంది, అది వెయ్యొచ్చా? పిల్లల డాక్టరు ఉన్న ఊరు మాకు 40 కిలోమీటర్లు. పీహెచ్‌సీ మాత్రం దగ్గరే. ఏ గుర్తు కనిపిస్తే బయలుదేరాలో చెప్పండి.

వార్డు_అక్క

ముందు రంగు సంగతి తేల్చుకోండమ్మా. మనం "పచ్చగా కక్కింది" అంటాం, అందులో పసుపు రంగూ వస్తుంది, ఆకుపచ్చా వస్తుంది. డాక్టరుకు ఫోన్లో చెప్పేటప్పుడు ఏదో విడదీసి చెప్పాలి. వరుసగా నాలుగైదు సార్లు కక్కాక ఖాళీ కడుపులోంచి లేత పసుపు నీళ్ళు రావడం మామూలే. పాలకూర రసంలా, గోరింటాకు ముద్దలా ఆకుపచ్చగా వస్తే మాత్రం ఓఆర్ఎస్ చెంచాలు లెక్కపెడుతూ ఇంట్లో కూర్చోకూడదు. దాని గురించి ఇక్కడ శిశువైద్యం తెలిసినవాళ్ళు ఇంకా వివరంగా రాస్తారు. తుడిచిన గుడ్డ ఉతికెయ్యకండి, వెలుతురులో ఒక ఫొటో తీసి ఉంచండి.

మీరు చెప్పినట్టు నీళ్ళలాగే ఉంటే పద్ధతి ఇదీ. వాంతి అయ్యాక పది నిమిషాలు ఏమీ పట్టకండి. కడుపుకు ఇచ్చే విశ్రాంతి అంతే, పూటల తరబడి ఎండగట్టకూడదు. పది నిమిషాలయ్యాక చెంచాతో 5 మి.లీ. ఓఆర్ఎస్ ఇవ్వండి. మళ్ళీ ఐదు నిమిషాలకు ఇంకో 5 మి.లీ. మొదటి గంట ఇలాగే గడియారం చూసి చెయ్యండి. గంటకు పన్నెండు చెంచాలు, 60 మి.లీ. మీరు ఒక్క గుక్కలో పట్టించిందీ అంతే! అది బయటికొచ్చింది, ఇది లోపల ఉంటుంది. మంటమీదున్న కడుపు ఒక్కసారిగా సాగితే వెంటనే వాంతి వస్తుంది. 5 మి.లీ.కి కడుపు సాగదు, అది నెమ్మదిగా పేగుల్లోకి జారిపోతుంది.

మొదటి గంట నిలిస్తే రెండు నిమిషాలకు ఒక చెంచా చొప్పున పెంచండి. అంటే గంటకు 150 మి.లీ., నాలుగు గంటల్లో 600. ఒంట్లో నీళ్ళు కొంత తగ్గిన బిడ్డకు కిలోకు 75 మి.లీ. చొప్పున నాలుగు గంటల్లో పట్టమని ఆసుపత్రుల్లో లెక్క వేస్తారు. 7.8 కిలోలకు అది 585. చూడ్డానికి చెంచాడే, చేసే పని చిన్నది కాదు.

మధ్యలో కక్కితే గాభరా పడకండి. పది నిమిషాలు ఆగి మళ్ళీ ఐదు నిమిషాలకో చెంచా దగ్గర మొదలుపెట్టండి. కక్కినదంతా తాగినంత అనిపిస్తుంది, కానీ మరక కంటిని మోసం చేస్తుంది. అనుమానముంటే అలాంటి గుడ్డమీదే రెండు చెంచాల నీళ్ళు పోసి ఎంత మేర తడుస్తుందో చూడండి. చాలాసార్లు సగానికి పైగా లోపలే ఉండిపోతుంది.

సీసా పక్కన పెట్టెయ్యండి. దాహం వేసిన బిడ్డ సీసా దొరికితే ఆపదు. ఉగ్గుగిన్నె అలవాటున్నవాళ్ళు దాంతో పోస్తారు, కానీ ఒక్క వంపులో పది పదిహేను మి.లీ. పోతుంది, ఎంత పోయిందో తెలియదు. మందుల షాపులో సూది లేని 5 మి.లీ. సిరంజి కొనండి. కూర్చోబెట్టి పట్టుకుని, సిరంజి మొన నాలుక మీద కాకుండా బుగ్గ లోపలివైపు పెట్టి, కొంచెం కొంచెంగా వదలండి. గొంతులోకి చిమ్మితే పొలమారుతుంది. ఏడుస్తూ ఉన్నప్పుడు, పడుకోబెట్టి అసలు పొయ్యకూడదు. ఇంట్లో చెంచాలు 3 మి.లీ. నుంచి 8 దాకా రకరకాలుగా ఉంటాయి, సిరంజితో ఒకసారి కొలిచి చూసుకుంటే మేలు.

పాలు ఆపకండి. అత్తమ్మగారితో ఇలా అనండి: తల్లిపాలు కడుపులోంచి తొందరగా కిందికి దిగే ఆహారం, ఆపితే బిడ్డకు నీళ్ళూ పోతాయి, బలమూ పోతుంది. కాకపోతే ఒకేసారి కడుపునిండా కాకుండా మూడు నాలుగు నిమిషాలు తాగించి తీసెయ్యండి, అరగంటకో ముప్పావుగంటకో మళ్ళీ ఇవ్వండి. అదీ కక్కేస్తుంటే పాలు పిండి చెంచాతో ఇదే కొలతలో పట్టండి. రొమ్ములు బరువెక్కితే ఉన్న పాలు కొంచెం పిండేశాక పాపను పట్టుకోండి. ధార మరీ ఉధృతంగా ఉంటే పాప గాలి మింగుతుంది, అదీ వాంతికి దారే. పాలు పట్టిన ప్రతిసారీ భుజాన వేసుకుని తేన్పు తెప్పించి, ఇరవై ముప్పై నిమిషాలు నిటారుగా ఎత్తుకోవాలి. తాగిన వెంటనే చీర ఉయ్యాల్లో వేస్తే ఒళ్ళు ముడుచుకుపోయి పొట్ట నొక్కుకుంటుంది. ఈ రెండు మూడు రోజులు ఉయ్యాల వద్దు.

మందుల_కొట్టు

ఓఆర్ఎస్ ఎలా కలిపారో రాయలేదు. సగం తప్పులు అక్కడే జరుగుతాయి కాబట్టి చెబుతున్నా.

ప్యాకెట్ వెనక చూడండి. లీటరుకు సోడియం క్లోరైడ్ 2.6 గ్రాములు, గ్లూకోజు 13.5, పొటాషియం క్లోరైడ్ 1.5, ట్రైసోడియం సిట్రేట్ 2.9 ఉండాలి. కలిపితే 20.5 గ్రాములు. ఇది ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా. రుచి కలిపిన బ్రాండ్లు బరువు కొంచెం ఎక్కువ తూగొచ్చు, ఈ నాలుగు అంకెలు మాత్రం మారకూడదు. పీహెచ్‌సీలో, ఆశా దగ్గర ఉచితంగా ఇచ్చేదీ ఇదే. ఖరీదైనదాని కోసం వెతకనక్కర్లేదు.

ప్యాకెట్లు లీటరువీ ఉంటాయి, 200 మి.లీ.వీ ఉంటాయి. దేనికి ఎన్ని నీళ్ళో దాని మీదే ఉంటుంది. పాపకు అంత ఎందుకులే అని లీటరు ప్యాకెట్‌లో చిటికెడు తీసి గ్లాసులో కలుపుతారు. అది చెయ్యకూడదు. పొడిలో ఉప్పు, చక్కెర సమానంగా కలిసి ఉంటాయన్న నమ్మకం లేదు. పైన ఒకలా, అడుగున ఒకలా ఉంటాయి. మొత్తం ప్యాకెట్ మొత్తం నీళ్ళలో ఒకేసారి వెయ్యండి. కాచి చల్లార్చిన నీళ్ళు వాడండి. లీటరు కొలతకు ఖాళీ లీటరు నీళ్ళ సీసా చాలు. కలిపాక వేడి చెయ్యకూడదు. మూతపెట్టి ఉంచి 24 గంటలు దాటితే పారబోసి కొత్తది కలపండి. పాప తాగింది 600 మి.లీ. అయితే మిగతా 400 పోతుందని బాధపడొద్దు.

నీళ్ళు తక్కువైతే ఉప్పెక్కువై రక్తంలో సోడియం పెరుగుతుంది, దాహం ఇంకా ఎక్కువవుతుంది, ఫిట్స్ దాకా వెళ్ళొచ్చు. నీళ్ళు ఎక్కువైతే అందాల్సిన లవణం అందదు. కలిపాక ఒక చుక్క మీరు నాలుక మీద వేసుకోండి. కన్నీళ్ళకన్నా ఉప్పగా ఉంటే ఎక్కడో కొలత తప్పినట్టే. రుచి కోసం పంచదార, తేనె, పాలు ఏవీ కలపకండి. ఏడాదిలోపు బిడ్డకు తేనె అసలు నాకించకూడదు.

ప్యాకెట్ దొరికేలోపు అర్ధరాత్రి అవసరమైతే లీటరు కాచి చల్లార్చిన నీళ్ళకు ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, చెంచా 5 మి.లీ.ది, కత్తితో సమంగా గీసి. ఇందులో పొటాషియం ఉండదు కాబట్టి ప్యాకెట్ వచ్చేదాకానే.

టెట్రా ప్యాక్‌లో దొరికే పండ్లరసం పానీయాలు వేరు. వాటిలో చక్కెర ఎక్కువ, సోడియం తక్కువ, తాగిస్తే విరేచనం పెరుగుతుంది. పేరులో ఓఆర్ఎస్ అని పెట్టుకుని అమ్మేవాళ్ళు. హైదరాబాద్‌లో పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్ళ తరబడి దీనిమీద పోరాడారు. 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ అలాంటి పానీయాల పేర్లలో ఆ మాట వాడకూడదని ఆదేశించింది. ఎవరైనా ఇంట్లో పాత డబ్బాలు మిగిలి ఉంటే పాపకు పట్టకండి.

ఇక ఆ డోంపెరిడోన్ చుక్కలు. వెయ్యకండి. ఇన్‌ఫెక్షన్ వల్ల వచ్చే వాంతుల్లో అది పెద్దగా పనిచెయ్యదు, గుండె లయను దెబ్బతీసే ప్రమాదం ఉంది. ఇంకో చిక్కు, అది రెండు గాఢతల్లో దొరుకుతుంది. సిరప్‌లో మి.లీ.కి 1 మిల్లీగ్రాము, చుక్కల మందులో మి.లీ.కి 10. సిరప్ అనుకుని చుక్కలు పోస్తే పదింతలు పడుతుంది. పెద్దబాబు బరువుకు రాసిన కొలత ఈ పాపకు ఎలాగూ సరిపోదు.

పారాసిటమాల్‌లోనూ ఇదే పొరపాటు జరుగుతుంది. చుక్కల్లో మి.లీ.కి 100 మిల్లీగ్రాములు, సిరప్‌లో 5 మి.లీ.కి 125 ఉండేదీ ఉంది, 250 ఉండేదీ ఉంది. కిలోకు 15 మిల్లీగ్రాముల లెక్కన మీ పాపకు ఒక్క మోతాదు సుమారు 115. అంటే చుక్కల మందు 1.1 మి.లీ., 125 సిరప్ అయితే 4.6 మి.లీ. చుక్కల మందును సిరప్ అనుకుని 5 మి.లీ. పోస్తే 500 మిల్లీగ్రాములు, కాలేయానికి చేటు. ఇప్పుడున్న 99.6కు అసలు వెయ్యనక్కర్లేదు. జ్వరం పెరిగి బిడ్డ నలిగిపోతున్నప్పుడే వెయ్యాలి, రెండు మోతాదుల మధ్య కనీసం నాలుగు గంటలు ఎడం ఉండాలి, రోజులో నాలుగు మోతాదులు దాటకూడదు.

శిశువైద్యం

"దాహంతో గటగటా తాగేసింది" అన్న మాట దగ్గర నేను ఆగాను. అది ఒంట్లో నీళ్ళు తగ్గుతున్న గుర్తుల్లో ఒకటి. మనం చూసేవి నాలుగు: చికాకుగా కుదురు లేకుండా ఉండటం, కళ్ళు లోపలికి పోవడం, ఆత్రంగా తాగడం, గిల్లిన చర్మం నెమ్మదిగా సర్దుకోవడం. వీటిలో రెండు కనిపిస్తే ఇంట్లో కాకుండా దగ్గరున్న పీహెచ్‌సీలో కూర్చుని, నర్సు కంటి ముందు ఇవే చెంచాలు పట్టండి. నాలుగు గంటల తర్వాత వాళ్ళు మళ్ళీ చూస్తారు. మీకు పీహెచ్‌సీ దగ్గరే అన్నారు కాబట్టి అనుమానముంటే ముందు అక్కడికే.

చర్మం ఎలా గిల్లాలో చాలామందికి తెలియదు. బొడ్డుకూ పొట్ట పక్కభాగానికీ మధ్యలో, బొటనవేలు, చూపుడువేలి మెత్తని భాగంతో, నిలువు మడత వచ్చేలా ఒక్క క్షణం పట్టుకుని వదలాలి. వెంటనే చదునైతే మంచిది. మడత ఒక్క క్షణం కనిపించినా నెమ్మదించినట్టే. రెండు సెకన్లు దాటి నిలిస్తే పరిస్థితి తీవ్రం, 108కి ఫోన్ చెయ్యండి. బొద్దుగా ఉన్న బిడ్డల్లో ఈ పరీక్ష కొంత మోసపుచ్చుతుంది, ఒక్కదాని మీదే ఆధారపడకండి. నడినెత్తిన మాడు కూడా చూడండి, పాప ఏడవకుండా కూర్చోబెట్టి ఉన్నప్పుడు. గుంటలా లోపలికి పోతే నీళ్ళు తగ్గినట్టు. బిగిసి పైకి ఉబ్బితే మెదడులో ఒత్తిడి పెరిగినట్టు, వెంటనే ఆసుపత్రి. "మాడు పడింది" అని తల మీద ముద్దలు వెయ్యడం, నోట్లో వేలుపెట్టి అంగిలి ఎత్తడం వల్ల ఏమీ రాదు. నీళ్ళు ఎక్కితే గుంట దానంతటదే నిండుతుంది.

మూత్రం లెక్క తెలియాలంటే డైపర్ తీసేసి గుడ్డ కట్టండి. విరేచనంలో కలిసిపోతే తెలుసుకోవడం కష్టం గానీ, ఆరు గంటలు దాటి పూర్తిగా పొడిగా ఉంటే డాక్టరుకు చూపించాల్సిందే.

ఇక ఆకుపచ్చ వాంతి. చిన్నపేగు మొదటి భాగం దాటాక ఎక్కడో దారి మూసుకుపోతే పైత్యరసం వెనక్కి తన్ని అలా వస్తుంది. పుట్టుకతోనే పేగు సరిగా మడతపడని పిల్లల్లో పేగు మెలితిరిగితే రక్తప్రసారం ఆగి కొద్ది గంటల్లో పేగు చచ్చిపోతుంది. నెలలోపు పసిగుడ్డు ఒక్కసారి ఆకుపచ్చగా కక్కినా పిల్లల సర్జన్ ఉన్న చోటికే వెళ్ళాలి, మధ్యలో చిన్న క్లినిక్కుల్లో ఆగకూడదు. హైదరాబాద్‌లో నిలోఫర్ లాంటి పిల్లల ఆసుపత్రులూ, బోధనాసుపత్రులూ ఇందుకే. దారిలో నోటికేమీ పట్టకండి. నేను మిగతా చోట్ల పట్టమని అంటున్నదానికి ఇది మినహాయింపు.

మీ పాప వయసుకు గుర్తుంచుకోవాల్సింది ఇంకొకటి ఉంది, పేగులో పేగు దూరడం. ఐదు నెలల నుంచి తొమ్మిది నెలల మధ్య ఎక్కువ. బిడ్డ ఉన్నట్టుండి మోకాళ్ళు పొట్టకు లాక్కుని గుక్కపట్టి ఏడుస్తుంది, రెండు మూడు నిమిషాల్లో ఆగి పాలిపోయి వాలిపోతుంది, పది ఇరవై నిమిషాలకు మళ్ళీ అదే. అలల్లాగా వస్తూ పోతూ ఉండటమే గుర్తు. తర్వాత్తర్వాత జిగట కలిసిన ఎర్రటి విరేచనం వస్తుంది. దాన్ని బంక విరేచనం అనుకుని యాంటీబయాటిక్ వేస్తూ రెండు రోజులు పోగొడతారు. రక్తం కనిపించేదాకా ఆగకండి. ఏడుపు తీరు అలా ఉంటే చాలు, స్కానింగ్‌లో తేలిపోతుంది. తొందరగా తెస్తే చాలామందికి ఆపరేషన్ లేకుండానే గాలితోనో సెలైన్‌తోనో వెనక్కి నెట్టి సరిచేస్తారు.

రెండు వారాల నుంచి రెండు నెలల వయసులో, ముఖ్యంగా మగబిడ్డల్లో, పాలు తాగిన ప్రతిసారీ బాణంలా దూరంగా వాంతి పడి, వెంటనే ఆకలితో మళ్ళీ పాలకోసం వెతుకుతుంటే అది కడుపు కింది ద్వారం కండ మందమవడం. వాంతిలో పైత్యం ఉండదు, రోజురోజుకూ ఎక్కువవుతుంది. మీ పాపకు ఆ వయసు దాటింది, కానీ ఇది చదివే వేరేవాళ్ళకు పనికొస్తుంది.

విరేచనాలు లేకుండా ఉత్త వాంతులూ జ్వరమే ఉంటే మూత్రంలో ఇన్‌ఫెక్షన్ ఉందేమో పరీక్ష చేయించాలి, ఆడపిల్లల్లో మరీను. మంచం మీంచి పడి తలకు దెబ్బ తగిలాక వచ్చిన వాంతిని అజీర్తి ఖాతాలో వెయ్యొద్దు. మూడు నెలల్లోపు బిడ్డకు 100.4 జ్వరం ఉంటే వాంతి ఉన్నా లేకపోయినా ఆ రోజే చూపించాలి. మీ పాపలా వాంతులతో మొదలై కొన్ని గంటలకు నీళ్ళ విరేచనం వచ్చిందంటే రోటా లాంటి వైరస్ కావడానికే అవకాశం ఎక్కువ. వాంతులు సాధారణంగా ఒకటి రెండు రోజుల్లో తగ్గుతాయి, విరేచనాలు ఐదారు రోజులు ఉండొచ్చు. రోటా చుక్కలు 6, 10, 14 వారాలకు వేయించి ఉంటే జబ్బు రాదని కాదు, తీవ్రంగా రాకుండా కాపాడతాయి. ప్రభుత్వ టీకాల పట్టికలో 2016లో మొదట చేర్చిన నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి, 2019 నాటికి దేశమంతటా వచ్చింది.

మీరు వెంటనే బండెక్కాల్సిన సందర్భాలు: మూడు నాలుగు గంటలు చెంచా పద్ధతి ఓపిగ్గా చేసినా తాగిందంతా కక్కేయడం, తాగలేకపోవడం, పిలిస్తే పలకని మగత, ఫిట్స్, వాంతిలో రక్తం, ఆకుపచ్చ రంగు, పొట్ట డోలులా ఉబ్బి గట్టిపడటం. ఆకుపచ్చ వాంతీ, పొట్ట ఉబ్బరమూ, మగతా, ఫిట్సూ లేకపోతే బండిలో కూడా చెంచా ఆపకండి. 40 కిలోమీటర్లంటే గంట. ఆ గంటలో ముప్పై చెంచాలు పడతాయి.

కొత్త_నాన్న

అన్నా, మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోకండి. మా దగ్గర అందరూ గ్లూకోజు పొడి, కొబ్బరినీళ్ళు అంటారు. ఇంత కష్టపడి చెంచాలు లెక్కపెట్టేకన్నా ఒక సెలైన్ ఎక్కిస్తే తేలిపోతుంది కదా?

పల్లె_ఏఎన్ఎం

తమ్ముడూ, గ్లూకోజు పొడిలో ఉప్పు దాదాపు లేదు. ఉత్త చక్కెర నీళ్ళు పేగులోకి వెళ్తే అవే ఇంకా నీళ్ళు లాక్కుని విరేచనం పెంచుతాయి. ఓఆర్ఎస్ కిటుకంతా జతలో ఉంది. పేగు గోడలో గ్లూకోజూ సోడియమూ కలిసి ఒకే ద్వారంలోంచి లోపలికి వెళ్తాయి, వాటి వెనక నీళ్ళు వెళ్తాయి. వైరస్ పట్టి ఉన్నా ఆ ద్వారం చాలావరకు పనిచేస్తూనే ఉంటుంది. కొబ్బరినీళ్ళలో పొటాషియం ఉంది గానీ సోడియం తక్కువ. ఆరు నెలలు దాటిన బిడ్డకు ఓఆర్ఎస్‌తో పాటు కాసిని ఇస్తే తప్పులేదు, దాని బదులు మాత్రం పనికిరావు. ఆరు నెలల్లోపు బిడ్డకు తల్లిపాలు, ఓఆర్ఎస్ తప్ప మంచినీళ్ళు, సోంపునీళ్ళు, వామునీళ్ళు ఏవీ వద్దు.

సెలైన్ అవసరమైనప్పుడు ప్రాణం నిలబెడుతుంది, కాదనను. మగతగా ఉన్న బిడ్డకు, ఏమీ తాగలేని బిడ్డకు అదే దారి. తాగగలిగే బిడ్డకు మాత్రం చిన్న చేతిలో నరం దొరకబుచ్చుకోవడానికి నాలుగుసార్లు గుచ్చి, వేగం లెక్క తప్పితే ఊపిరితిత్తుల్లో నీరు చేరే ప్రమాదం కొనితెచ్చుకోవడం ఎందుకు? ఊళ్ళో ఆర్ఎంపీ దగ్గర చంటిబిడ్డకు సెలైన్ అసలు పెట్టించకండి. 1971లో బంగ్లాదేశ్ యుద్ధ సమయాన పశ్చిమ బెంగాల్‌లోని బంగావ్ కాందిశీకుల శిబిరంలో కలరా ప్రబలి సెలైన్ అయిపోతే, డాక్టర్ దిలీప్ మహలనబిస్ డ్రమ్ముల్లో ఉప్పు, గ్లూకోజు కలిపిన నీళ్ళు ఉంచి బంధువుల చేతే పట్టించారు. వేలమంది బతికారు. ఆ నీళ్ళే ఇవాళ మన ప్యాకెట్.

మా ఊళ్ళవైపు ఇంకో మాట చెప్పాలి. వస అరగదీసి నాకించడం, ఆముదం పట్టడం, పసరు పొయ్యడం, పొట్టమీద వాతలు పెట్టడం ఇంకా జరుగుతున్నాయి. వస ఎక్కువైతే దానివల్లే వాంతులు, మగత వస్తాయి. ఆముదం విరేచనకారి. పసరు ఊపిరితిత్తుల్లోకి వెళ్తే న్యుమోనియా. వాత పుండై చీముపడుతుంది. దిష్టి తీస్తామంటే తియ్యనివ్వండి, అది బిడ్డ ఒంట్లోకి వెళ్ళేది కాదు. ఆ కాసేపూ ఒకరు చెంచా పడుతూ ఉంటే చాలు.

చిన్నారి_తల్లి

అందరికీ దణ్ణాలు. వాంతి ఆకుపచ్చగా లేదు, ఫొటో చూశాం. చర్మం వెంటనే సర్దుకుంటోంది, కళ్ళు, మాడు మామూలుగానే ఉన్నాయి. ప్యాకెట్ లీటరుది, నేను అర గ్లాసులో రెండు చెంచాల పొడి కలిపాను, అది పారబోసి మళ్ళీ కలిపాం. ఏడింటి నుంచి చెంచాలు మొదలుపెడితే ఎనిమిదికి ఒక వాంతి, తర్వాత లేదు. తొమ్మిదిన్నరకు గుడ్డ తడిపింది. ఇప్పటికి ఓఆర్ఎస్ 310 మి.లీ. వెళ్ళింది, మధ్యలో పాలు నాలుగుసార్లు. రెండు విరేచనాలయ్యాయి. అన్నం ఎప్పుడు పెట్టాలి? రాత్రి నిద్రలో కక్కితే పొలమారుతుందని భయంగా ఉంది, బోర్లా పడుకోబెట్టమంటున్నారు.

వార్డు_అక్క

బాగా చేశారమ్మా. ఇప్పటినుంచి ప్రతి నీళ్ళ విరేచనానికీ 50 నుంచి 100 మి.లీ. ఓఆర్ఎస్, అదీ చెంచాలతోనే. వాంతి ఆగి నాలుగు గంటలయ్యాక తిండి మొదలుపెట్టొచ్చు. మొదట రెండు మూడు చెంచాల మెత్తటి అన్నం, పలచటి పెసరపప్పు, చిటికెడు ఉప్పు. అరగంట చూడండి. నిలిస్తే సాయంత్రం కొంచెం పెరుగన్నం, బాగా పండిన అరటిపండు మెదిపి, లేదా ఇడ్లీ. సగ్గుబియ్యం జావ ఒక్కదానిమీదే రోజులు గడపకండి, అందులో పిండి తప్ప బలం లేదు. రేపటినుంచి అన్నంలో అర చెంచా నెయ్యో నూనో వెయ్యండి. జబ్బు తగ్గాక రెండు వారాలు రోజుకు ఒక పూట అదనంగా పెడితే తగ్గిన బరువు తిరిగి వస్తుంది.

బోర్లా వద్దు, తలకింద దిండూ వద్దు. వెల్లకిలా, చదునైన పరుపు మీదే. వెల్లకిలా పడుకున్నప్పుడు గాలిగొట్టం పైన, అన్నవాహిక కింద ఉంటాయి, పైకొచ్చిన పాలు గాలిగొట్టంలోకి ఎక్కాలంటే ఎదురెక్కాలి. బోర్లా వేస్తే ఆ వరుస తిరగబడుతుంది, ఊపిరాడకపోయే ప్రమాదమూ పెరుగుతుంది. నిద్రలో కక్కితే ఒళ్ళంతా ఒక పక్కకు తిప్పండి, కారనివ్వండి, కనిపించేది మాత్రం గుడ్డతో తుడవండి. కనిపించనిదాని కోసం గొంతులో వేలు పెట్టకండి. కాళ్ళు పట్టి తలకిందులు చెయ్యకండి. దగ్గుతూ ఏడుస్తూ ఉంటే గాలి ఆడుతున్నట్టే. శబ్దం రాక మొహం నీలంగా మారితే, ముంజేతిమీద బోర్లా వేసుకుని తల కిందికి వంచి, రెండు భుజాల మధ్య అరచేతి మడమతో ఐదు దెబ్బలు. రాకపోతే వెల్లకిలా తిప్పి రొమ్ముఎముక కింది సగం మీద ఒక అరచేతి మడమతో ఐదు నొక్కులు. మళ్ళీ దెబ్బలు. ఆ లోపు ఇంకొకరు 108కి చెయ్యాలి.

మందుల_కొట్టు

ఒకటి మిగిలింది. విరేచనాలు మొదలయ్యాయి కాబట్టి జింకు. 20 మిల్లీగ్రాముల కరిగే బిళ్ళ పీహెచ్‌సీలో ఓఆర్ఎస్‌తో పాటే ఇస్తారు. ఆరు నెలలు దాటిన పాపకు రోజుకు ఒక బిళ్ళ, 14 రోజులు. రెండు నుంచి ఆరు నెలల బిడ్డకు సగం. ఒక చెంచా పిండిన పాలలోనో కాచి చల్లార్చిన నీళ్ళలోనో వేస్తే నిమిషంలో కరుగుతుంది. లోహపు రుచి ఉంటుంది, ఖాళీ కడుపున వేస్తే కక్కే పిల్లలున్నారు. అందుకని ఇవాళే తొందరపడకుండా, వాంతులు పూర్తిగా ఆగి రెండు ముద్దలు నిలిచాక మొదలుపెట్టండి. విరేచనం మూడోరోజుకే కట్టినా 14 రోజులూ పూర్తి చెయ్యండి, మళ్ళీ రెండు మూడు నెలల్లో రాకుండా కాసేది ఆ మిగతా బిళ్ళలే.

శిశువైద్యం

జింకు విషయం సరే. రాత్రికి ఆ సిరంజి, కలిపిన ఓఆర్ఎస్, టార్చి మంచం పక్కనే పెట్టుకోండి. మూత్రం పోసిన టైము ఫోన్లో రాసుకుంటూ ఉండండి. రెండింటికి లేచి చూసినప్పుడు గుడ్డ పొడిగా ఉంటే పాలు పట్టండి, ఐదింటికి కూడా పొడిగానే ఉంటే పీహెచ్‌సీకి తీసుకెళ్ళండి. రెండు నెలల్లోపు బిడ్డలున్నవాళ్ళు మాత్రం ఈ కొలతలు చూసి ఇంట్లో ప్రయత్నించకండి. పాలు తాగాక కాసిన్ని కారడం వేరు, వాంతులే అయితే తల్లిపాలు పడుతూనే అదే పూట డాక్టరుకు చూపించండి. ఆకుపచ్చగా వస్తే ఆ పాలు కూడా పట్టకుండా నేరుగా పెద్దాసుపత్రికి.